ఎస్ లేని మీటరు

3, సోమవారం

గెలిచాను. ఎదురు షాపు గొలుసులాయన బోర్డు మార్పించాడు!

వారం రోజులుగా చెబుతున్నాను, "పది అడుగులంటే ఒక్క అడుగు కాదు కదండీ, టెన్ ఫుట్ చెయిన్ అని రాయించారేంటి, ఫీట్ అనాలి, ఫీట్" అని. ఈ పొద్దున పెయింటరు నిచ్చెన వేసుకుని వచ్చి ఫుట్ చెరిపేసి ఫీట్ రాశాడు. నేను మా షాపు మెట్ల మీద నిలబడి, టీ తాగుతూ, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చూశాను. ఆ నీలం రంగు ఇంకా తడిగానే ఉంది.

గొలుసులాయన కిందనుంచి, "చాలా మేడమ్, ఇంకేమైనా దిద్దుతారా?" అని అరిచాడు.

"ప్రస్తుతానికి చాలు" అన్నాను.

ఈ వీధిలో ఇంగ్లీషు కాగితం ఎవరి చేతికొచ్చినా చివరికి నా కౌంటరు మీదికే వస్తుంది. మందు డబ్బా అయినా, పార్సిలు మీద చీటీ అయినా, కరెంటు ఆఫీసు నోటీసు అయినా. నేను కాలేజీ మెట్లు ఎక్కలేదు. తాడు రీళ్ళ మీద, అట్టపెట్టెల మీద, సంచుల మీద ఉన్నవి చదివి చదివి నేర్చుకున్నాను. నాకు నేనుగా ఒక సూత్రం కూడా పట్టుకున్నాను. ఎస్ ఉంటే బోలెడు, ఎస్ లేకపోతే ఒకటి. కొలతల దగ్గరైతే ఇది మరీ కచ్చితం. మీటర్ అంటే ఒకటి, మీటర్స్ అంటే ఎన్నైనా. ఫుట్ ఒక్కటే మొండిఘటం, ఎస్ పెట్టించుకోకుండా ఫీట్ అయి కూర్చుంది.

బిల్లుల కంప్యూటర్లో ఈ ఫైలుకి 'పాత తాళ్ళు' అని పేరు పెట్టాను. దీన్ని ఎవరూ తెరవరు. తెరిచినా ఏముంది, అంతా మంచే కదా రాస్తున్నాను.

5, బుధవారం

ఈల మాస్టారు వచ్చాడు. నీళ్ళలో చిక్కుకున్నవాళ్ళని, మేడల మీద చిక్కుకున్నవాళ్ళని ఎలా కాపాడాలో నేర్పే బడి ఒకటుంది ఊరి చివర. దానికి ఆయన పెద్ద. మెడలో ఈల లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు, పెళ్ళి ఫోటోలో కూడా ఉండే ఉంటుంది. ఆ బడి పెట్టినప్పటినుంచి వాళ్ళకి తాడు మా షాపుదే. మొట్టమొదటి తాడు మా అత్తయ్య చేత్తో పేనింది. ఇప్పుడు మిల్లు తాడే అనుకోండి, కానీ వాళ్ళ రిజిస్టర్లో షాపు పేరు మాత్రం అదే, మొదటి వరసలో.

స్కూటర్ ఆపకుండానే చీటీ నా చేతిలో పెట్టాడు. "ఇరవై నాలుగున ఏటి దగ్గర పరీక్షమ్మా. రెండ్రోజులు ముందే ఇచ్చెయ్యండి" అని వెళ్ళిపోయాడు.

చీటీలో ఒక్కటే లైను. టూ హండ్రెడ్ మీటర్ రోప్స్, లెవెన్ మిల్లీమీటర్.

పదకొండు మిల్లీమీటర్లు అంటే తాడు లావు, అది చిన్నపిల్లలకైనా తెలుసు. ఇక పొడవు. మీటర్‌కి ఎస్ లేదు, రోప్‌కి ఎస్ ఉంది. అంటే ఒక్కో తాడు ఒక్క మీటరు, తాళ్ళు రెండు వందలు. రెండుసార్లు చదివాను, రెండుసార్లూ అదే వచ్చింది.

సరిగ్గా రెండు వందల మీటర్ల రీలు గోడౌన్లో కొత్తది ఉంది. అదృష్టం అంటే ఇదే.

6, గురువారం

కోత మొదలుపెట్టాం. బల్ల అంచున ఇత్తడి మీటరు బద్ద కొట్టి ఉంది కదా, దాని మీద తాడు లాగడం, వేడి కత్తితో కొయ్యడం, కొసలు కరిగించి వేలితో నొక్కడం. ముక్కకి రెండు కొసలు. మొత్తం నాలుగు వందల కొసలు!

చెల్లి చీటీ చూసి, "అక్కా, ఒకసారి ఫోన్ చేసి అడుగుదామా?" అంది.

మా తోడికోడలిని నేను చెల్లీ అనే పిలుస్తాను. అన్నదమ్ములిద్దరూ లారీల మీద తిరుగుతుంటే షాపు మేమిద్దరమే చూసుకుంటున్నాం. నెమ్మదైన మనిషి. మరీ నెమ్మది.

"ఏం అడుగుతావ్? స్పష్టంగా రాసిచ్చారు కదా."

"ఒక్క మీటరు ముక్కలతో వాళ్ళేం చేసుకుంటారని..."

"నడుముకి కట్టుకుంటారు, ముడులు నేర్చుకుంటారు. ఏదో చేసుకుంటారు, మనకెందుకు? వెళ్ళి అడిగితే, వీళ్ళకి చదవడం రాదు అనుకుంటారు."

తను స్టవ్ దగ్గరికి వెళ్ళింది. కత్తి వేడెక్కిందో లేదో చూసింది.

8, శనివారం

నూట పన్నెండు. బొటనవేలికి బొబ్బ. షాపంతా కాలిన నైలాను వాసన. కూరలో కూడా అదే వాసన వస్తోందని అత్తయ్య గొడవ.

10, సోమవారం

అయిపోయాయి! ఒక్కటంటే ఒక్క ముక్క కూడా వేలెడు ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఇరవై ఇరవై చొప్పున పది కట్టలు కట్టాం. ప్రతి ముక్కకీ ట్యాగు, ప్రతి ట్యాగు మీదా నా చేతిరాత, వన్ మీటర్. ఎస్ లేకుండా.

బల్ల మీద వరసగా పెట్టి ఫోటో తీశాను. గొలుసులాయనకి కూడా చూపించాను. "ఇవేంటి, కుక్కల బెల్టులా?" అన్నాడు. కుళ్ళు.

12, బుధవారం

బడికి వెళ్ళొచ్చాం. తర్వాత రాస్తాను.

13, గురువారం

రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఈల మాస్టారు బయట మైదానంలో శిక్షణ ఇస్తున్నాడు. నలభై మంది దాకా ఉన్నారు, నల్ల బూట్లు వేసుకుని వరసగా. సంచీ దించాం. ఆయన మూతి విప్పి ఒక ముక్క తీశాడు. ఇంకొకటి తీశాడు. తర్వాత చెయ్యి లోపల పెట్టి చివరిదాకా వెతికాడు, అడుగున ఎక్కడో అసలు తాడు దాచి ఉంటామన్నట్టు.

"అమ్మా, తాళ్ళేవి?"

"ఇవేనండీ. రెండు వందలు. లెక్క పెట్టుకోవచ్చు."

"నేనడిగింది రెండు తాళ్ళమ్మా. వంద మీటర్లవి రెండు. ఏటికి అడ్డంగా కట్టాలి. ఒకదాని మీద మనిషి వెళ్తాడు, రెండోది జాగ్రత్తకి." ఆ ముక్కని రెండు చేతులతో పట్టుకుని సాగదీసి చూశాడు. "వీటితో ఎవర్ని దించమంటారు? నా కుర్చీలోంచి నేను దిగడానిక్కూడా చాలవు."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఒకరు నవ్వితే ఇంక ఆగుతుందా?

నేను తలెత్తి నిలబడ్డాను. "మీరు మీటర్‌కి ఎస్ పెట్టలేదండీ. ఎస్ లేకపోతే ఒక్క మీటరే" అన్నాను.

"ఎస్ ఎందుకు పెట్టాలమ్మా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. అదే ఎక్కువ మండింది.

వీటినే ముడేసి కలిపితే పోలేదా అని కూడా అన్నాను. అనకుండా ఉండాల్సింది. "ఆ తాడుకి మనిషి ప్రాణం వేలాడుతుందమ్మా" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

తర్వాత నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు. "ఇరవై రెండు సాయంత్రం లోపల రెండు తాళ్ళు రావాలి. రాకపోతే బయట కంపెనీ నుంచి తెప్పిస్తాను. అప్పుడు రిజిస్టర్లో వాళ్ళ పేరే ఎక్కుతుంది, మీది పోతుంది. పెద్దామెకి మాత్రం మీరు చెప్పొద్దు, నేనే వచ్చి చెప్పుకుంటాను."

అంత మర్యాద చూపించకపోతే తిట్టేదాన్ని.

తప్పు రాసింది ఆయన. చదివింది నేను. చదవడంలో తప్పేం లేదు.

14, శుక్రవారం

చెల్లి కూడా చూసింది కదా చీటీ. తను మాత్రం ఒక్క మాట అడగలేదు. నాలుగు రోజులు నా పక్కన కూర్చుని కొసలు నొక్కింది. అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేదా?

ఈ మాట తన మొహం మీదే అన్నాను. తను నా వైపు చూసి, గ్యాసు స్టవ్ ఆపి, తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఇంకా మాట్లాడటం లేదు. షాపులో కస్టమర్లతో మాట్లాడుతుంది, నాతో మాట్లాడదు. "మేడమ్‌ని అడగండి" అంటుంది నన్ను చూపించి. మేడమ్!

15, శనివారం పొద్దున

అత్తయ్యకి తెలిసిపోయింది. ఈల మాస్టారు చెప్పలేదు, మేము చెప్పలేదు. ఆ సంచీ మళ్ళీ షాపుకి రావడం చూసి ఆమే విప్పింది.

"ఏమిటే ఇది?"

చెప్పాను. చీటీలో ఏముందో, ఎస్ ఎక్కడ ఉందో, ఎక్కడ లేదో, మొత్తం. నా తప్పేమీ లేదని కూడా చెప్పాను. ఆమె ఒక ముక్కని మోకాలి మీద పెట్టుకుని నిమురుతూ విన్నది.

"అయితే వాళ్ళకి కావాల్సింది వందేసి మీటర్లవి రెండు తాళ్ళా?"

"అవునత్తయ్యా."

"ఇంత చిన్న మాటకి ఆ భాషలో దిక్కు లేదా? వందేసి మీటర్లవి రెండు. మీటరేసివి రెండొందలు. ఆ 'ఏసి' ఒక్కటి తగిలిస్తే గొడ్డుకైనా అర్థమవుద్ది కదే!"

నాకు నవ్వొచ్చింది, మూడు రోజుల తర్వాత. ఇంగ్లీషు వాళ్ళకి మన ఏసి లేదు. ఉంటే నాకు బొబ్బలొచ్చేవి కావు.

నేను నవ్వడం చూసి ఆమె నవ్వలేదు. "ఆ ఇంగ్లీషు సంగతి నాకు తెలీదు. నేను తాడు తప్పు పేనితే విప్పి మళ్ళీ పేనేదాన్ని. కోశాక విప్పడానికేం ఉంటుంది? అడిగి కోశావా, అడక్కుండా కోశావా?"

"చెల్లి కూడా అడగలేదు."

"దాన్ని కాదు, నిన్నడుగుతున్నా."

అదే రోజు, మధ్యాహ్నం

షాపులో ఎవరూ లేరు. ఈ ఫైలు పైకి జరుపుకుంటూ వెళ్ళాను, చెల్లి అడగలేదని నాకు నేను మళ్ళీ చూపించుకుందామని.

ఆరో తారీకు. 'అక్కా, ఒకసారి ఫోన్ చేసి అడుగుదామా?' అంది.

నేనే రాశాను. నా వేళ్ళతోనే కొట్టాను. నేను ఇచ్చిన సమాధానం కూడా ఉంది కింద. 'వీళ్ళకి చదవడం రాదు అనుకుంటారు.'

ఆ లైను చెరిపేద్దామని కర్సర్ పెట్టాను. ఉంచేశాను.

16, ఆదివారం

చెల్లి గది తలుపు కొట్టాను. బట్టలు మడతపెడుతోంది. నేను కూడా ఒక చొక్కా తీసుకుని మడతపెట్టడం మొదలుపెట్టాను. రెండు చొక్కాలయ్యాక అన్నాను, "నువ్వు అడిగావు. నేనే వద్దన్నాను."

"ఊఁ."

"కోపం పోయిందా?"

"లేదు. ఆ కాలరు మళ్ళీ మడవండి, అలా కాదు."

మళ్ళీ మడిచాను. తర్వాత అడిగాను, మీటర్‌కి ఎస్ ఎందుకు లేదో తనకి తెలుసా అని. తెలుసంది. పెళ్ళికి ముందు కొరియర్ ఆఫీసులో మూడేళ్ళు ఇంగ్లీషు బిల్లులు టైపు చేసిందట. ఆరేళ్ళనుంచి ఒకే వంటింట్లో ఉన్నాం. నేనెప్పుడూ అడగలేదు. ఇంట్లో ఇంగ్లీషంటే నేనే అనుకున్నాను.

పాత కవరు వెనక రాసి చూపించింది. కొలత విడిగా నిలబడితే ఎస్ ఉంటుంది. ద రోప్ ఈజ్ హండ్రెడ్ మీటర్స్ లాంగ్. అదే కొలత వచ్చి వస్తువు ముందు అతుక్కుంటే ఎస్ ఊడిపోతుంది. హండ్రెడ్ మీటర్ రోప్.

"అదేం న్యాయం? వంద అలాగే ఉందిగా!"

"మనం మాత్రం అనమా అక్కా? దానికి పదేళ్ళు అంటాం. పదేళ్ళు పిల్ల అంటామా? పదేళ్ళ పిల్ల అంటాం. ఇంటికి మూడు గదులు. మూడు గదుల ఇల్లు. అతుక్కునేటప్పుడు మన మాటా మారుతుంది."

చొక్కా వదిలేసి కూర్చున్నాను. పుట్టినప్పటినుంచి అంటున్నాను పదేళ్ళ పిల్ల అని. ఒక్కసారి కూడా గమనించలేదు.

హండ్రెడ్‌కీ మీటర్‌కీ మధ్య ఒక చిన్న అడ్డగీత పెట్టింది. "ఇది పెడితే రెండు తాళ్ళు, వందేసి మీటర్లవి. మాస్టారు పెట్టలేదు. పెట్టకపోతే ఎటైనా చదవొచ్చు."

"అంటే నేను చదివింది కూడా..."

"చదవొచ్చు. అడగాల్సింది."

అంతే, అక్కడితో ఆగిపోయింది. నా చెల్లి గట్టిదే.

అప్పుడు గుర్తొచ్చింది. టెన్ ఫుట్ చెయిన్. ఫుట్ కూడా చెయిన్‌కి అతుక్కుంది కదా. అంటే గొలుసులాయన బోర్డు ముందే సరిగ్గా ఉంది. దేవుడా!

17, సోమవారం

మిల్లుకి ఫోన్ చేశాం. తాడు ఉందట, వాళ్ళ లారీ మాత్రం ఇరవై ఏడున వస్తుందట. మేమే వెళ్ళి తెచ్చుకుంటే ఇస్తామన్నారు, రేపే.

మిల్లు కంటే ముందు బడికి వెళ్ళాను. చెల్లి వస్తానంది, వద్దన్నాను. నలభై మంది ముందు ఎస్ లేదని అరిచింది నేను ఒక్కదాన్నే కదా.

మైదానంలో అదే వరస, అవే బూట్లు. మాస్టారు నన్ను చూసి ఆఫీసులోకి రమ్మన్నాడు. నేను రానన్నాను, "ఇక్కడే చెబుతాను" అన్నాను.

"మాస్టారూ, మీటర్ వెనక తాడు ఉంటే ఎస్ పెట్టక్కర్లేదు. నాకు తెలీదు. తెలీక కోశాను. మా చెల్లి మిమ్మల్ని అడుగుదామంటే నేనే అడగనివ్వలేదు. ఇరవై రెండు సాయంత్రానికి వందేసి మీటర్లవి రెండు తాళ్ళు నా చేతులతో తెచ్చి ఇస్తాను. అప్పటిదాకా బయట కంపెనీకి ఫోన్ చెయ్యకండి."

నలభై మందిలో ఒక పొట్టి అమ్మాయి, "మేడమ్, మా హాస్టల్లో కూడా ఆ గొడవ తేలలేదు, ఆ చీటీ ఎలా చదవాలో" అంది. మాస్టారు దాని వైపు ఒక చూపు చూశాడు.

తర్వాత నాతో, "ఆ అడ్డగీత నేను పెట్టాల్సిందమ్మా. హడావుడిలో రాసిచ్చాను" అన్నాడు.

ఆ మాట అయిదు రోజులనుంచి వినాలని ఉంది నాకు. విన్నాక ఎగిరి గంతెయ్యాలనిపించింది. గంతెయ్యలేదు. "నేను అడగాల్సిందండీ" అన్నాను. ఇది ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను, రేపు నేనే నమ్మను కాబట్టి.

"ఇరవై రెండు సాయంత్రం అయిదు" అన్నాడు. "అయిదున్నరకి ఫోన్ చేస్తాను కంపెనీకి."

18, మంగళవారం

పొద్దున్నే బస్సెక్కి మిల్లుకి వెళ్ళాం, చెల్లీ నేనూ. అయిదు గంటల ప్రయాణం. తను కిటికీ పక్కన, నేను ఇటు. దారి పొడవునా బోర్డులు చదువుకుంటూ వెళ్ళాం. 'ఫైవ్ కిలోమీటర్స్' అని ఉన్నచోట నేను, "విడిగా నిలబడింది, ఎస్ ఉంది" అంటాను. 'ట్వెంటీ లీటర్ క్యాన్' అని ఉన్నచోట తను, "అతుక్కుంది, ఎస్ ఊడింది" అంటుంది. వెనక సీటాయన మాకేదో జబ్బు అనుకున్నాడు.

మిల్లులో వాళ్ళు కొలుస్తుంటే నేను పక్కన నిలబడి మీటరు మీటరుకీ లెక్క పెట్టాను. వంద దగ్గర ఆపించాను. మళ్ళీ కొలిపించాను. రెండోదీ అంతే. ఒక్కో చుట్ట ఎనిమిది కిలోల పైనే. చెల్లి భుజానికి ఒకటి, నా భుజానికి ఒకటి. బస్సు పైన వెయ్యమని కండక్టర్ గొడవ చేశాడు, ఒడిలో పెట్టుకున్నాం.

అలసట లేదు. ఎందుకో తెలీదు.

19, బుధవారం

గొలుసులాయన దగ్గరికి వెళ్ళాను.

"మీ బోర్డు మొదట రాసిందే రైటు. ఫుట్ అనే ఉండాలి."

"తెలుసు మేడమ్" అన్నాడు, తాళాల గుత్తి తుడుచుకుంటూ.

"తెలుసా? తెలిసీ ఎందుకు మార్పించారు?"

"మీరు అంత సంబరంగా చెబుతుంటే కాదనబుద్ధి కాలేదు. పైగా వారం రోజులు రోజూ చెప్పారు. రెండో వారం కూడా చెబుతారేమోనని భయమేసింది."

నా మొహం ఎర్రబడే ఉంటుంది. "పెయింటర్ని పిలవకండి, నేనే మారుస్తాను" అన్నాను. వాళ్ళ నిచ్చెనే వేసుకుని, కొంగు దోపుకుని ఎక్కాను. వీధి మొత్తం చూసింది. చూస్తే చూడనీ. ఆయన కింద నిచ్చెన పట్టుకుని, "కింద పడితే ఎన్ని ఫీట్లు మేడమ్?" అంటాడు.

"ఈ నిచ్చెన ఎయిట్ ఫుట్ ల్యాడర్. పడితే మాత్రం ఎయిట్ ఫీట్" అన్నాను పైనుంచి. నేను రాసిన అక్షరాలు పెయింటరు రాసినవాటికంటే కాస్త లావుగా వచ్చాయి. బావున్నాయి.

20, గురువారం

చెల్లి చెప్పింది, ఒకటిన్నర మీటరుకి కూడా ఎస్ ఉంటుందట. ఆ అర ముక్కకి అంత పొగరా? ఇంకా ఘోరం, సున్నాకి కూడా ఎస్సేనట. జీరో మీటర్స్. ఏమీ లేకపోయినా బహువచనమే! ఇదేం దర్జా అని మధ్యాహ్నం నుంచి నవ్వుకుంటున్నాను.

అత్తయ్య ఆ మీటరు ముక్కలతో గుమ్మం ముందు వేసుకునే పట్టాలు అల్లడం మొదలుపెట్టింది. ఇప్పటికి రెండయ్యాయి. గట్టిగా ఉన్నాయి. నా ట్యాగులు మాత్రం పొయ్యిలో వేసింది.

22, శనివారం

నాలుగుంబావుకి బడిలో ఉన్నాం. మాస్టారు రెండు తాళ్ళూ మైదానం పొడవునా పరిపించాడు. ఒక చివర నుంచి ఇంకో చివరకి నడిచాడు, వంగి, చేత్తో తడుముకుంటూ, అంగుళం అంగుళం. ఆయన వెనకే నేనూ నడిచాను. ఎక్కడా అతుకు లేదు, గీత లేదు. తర్వాత బరువు సంచులు వేలాడదీసి చూశారు.

రసీదు మీద సంతకం పెట్టాడు. రిజిస్టర్ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు. సోమవారం పరీక్ష చూడ్డానికి రమ్మన్నాడు.

24, సోమవారం

షాపు మూసేసి ముగ్గురమూ వెళ్ళాం. అత్తయ్యకి ఒడ్డున కుర్చీ వేశారు.

ఏరు వెడల్పు ఎనభై మీటర్ల పైచిలుకు. ఈ ఒడ్డున ఇనప స్తంభానికి కట్టి, ఆ ఒడ్డున బండరాయికి చుట్టి, రెండు తాళ్ళూ బిగించారు. నీళ్ళ మీద మనిషెత్తున ఉన్నాయి. కప్పీ తగిలించుకుని మొదట వచ్చింది ఆ పొట్టి అమ్మాయి. అదృష్టం చూడు నాది, నాతో మాట్లాడిన ఆ ఒక్క పిల్లే మొదట రావాలా?

సగం దాకా జారుకుంటూ వెళ్ళింది. సగంలో ఆగిపోయింది. ఆగాలట, మునిగిన మనిషికి బదులు నీళ్ళలో వేసిన బొమ్మని లేపాలట. ఆ సంగతి నాకు తెలీదు. నేను చెల్లి చెయ్యి పట్టుకున్నాను. తాడు ఒక్కసారి కిందికి కుంగి, మళ్ళీ లేచింది. ఆ అమ్మాయి బొమ్మని చంకలో ఇరికించుకుని కాళ్ళు ముడుచుకుంది. అవతలి ఒడ్డున వాళ్ళు లాగడం మొదలుపెట్టారు. నేను ఆ అమ్మాయిని చూడటం లేదు, తాడునే చూస్తున్నాను. చేరింది. బూట్లు నేలకి తగిలాక అప్పుడు ఊపిరి వదిలాను.

చెల్లి, "అక్కా, నా వేళ్ళు" అంది. వదిలాను.

ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు, నలభై మందీ దాటారు. మాస్టారు మా దగ్గరికి వచ్చి ముందు అత్తయ్యకి దణ్ణం పెట్టాడు. తర్వాత నాతో, "రిజిస్టర్లో ఈ పొద్దున మళ్ళీ మీ పేరే రాశానమ్మా. మొదటి వరసలోనే" అని, ఇంకేదో పని ఉన్నట్టు అవతలికి తిరిగి నడిచాడు. అత్తయ్యకి వినబడలేదు. నేను ఆమె చెవిలో చెప్పాను. "మరి? ఇంకెవరి పేరు రాస్తాడు?" అంది.

నాకు ఏదో ఒకటి అనాలనిపించింది, మాస్టారు ఇంకా దూరం వెళ్ళకముందే, అదీ ఇంగ్లీషులోనే. "హండ్రెడ్ మీటర్స్ ఆర్..." అని నోట్లో అనుకుంటున్నాను.

"ఈజ్, అక్కా" అంది చెల్లి మెల్లిగా. "హండ్రెడ్ మీటర్స్ ఈజ్."

"వంద ఉన్నాయే! ఎస్ కూడా ఉంది. ఈజ్ ఏంటి?"

"అన్నీ కలిపి ఒకటే పొడవు కదా. అందుకని ఈజ్."

మామూలుగా అయితే దెబ్బలాడేదాన్ని. ఏటి వైపు చూశాను. ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డు దాకా, ఎండలో, బిగువుగా, ఎక్కడా తెగకుండా. వంద ఎక్కడ ఉన్నాయని? ఒకటే ఉంది.

రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"మాస్టారూ! హండ్రెడ్ మీటర్స్ ఈజ్ ఎనఫ్!"

ఒడ్డున ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. తిరగనీ.